స్టాంపులు, నాణేలు, పాత కవర్లు ఆన్‌లైన్ వేలంలో అమ్మదలచినవారికి: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సేకర్తల కోసం

విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, ఆమదాలవలస వంటి ఊళ్లలో స్టాంపులు, నాణేలు, పాత ఉత్తరాల కవర్లు, అగ్గిపెట్టె లేబుళ్లు దాచుకున్న కుటుంబాలు ఇప్పటికీ తక్కువేమీ కాదు. కొందరి దగ్గర ఒకే రకం వస్తువులు రెండు మూడు చేరి ఉంటాయి. మరికొందరికి తాతగారి సేకరణ వారసత్వంగా వచ్చి, దానిని ఏం చేయాలో తోచక బీరువాలో అలాగే ఉండిపోతుంది. ఊళ్లోని బంగారం దుకాణంలో చూపిస్తే వెండి నాణేనికి లోహపు ధర కడతారు, స్టాంపులకైతే ఆ ధర కూడా కట్టరు. ఆన్‌లైన్ వేలం ఇందుకే పనికొస్తుంది. ఆ వస్తువు కోసం వెతుకుతున్నవారు పుణేలోనో కోల్‌కతాలోనో ఉంటే, వారికి అది కనపడేలా చేయడమే దాని ప్రయోజనం.

అయితే వేలానికి కనీసం ఇద్దరు కావాలి. ఒక్కరికే అవసరమైన వస్తువు ప్రారంభ ధరకే వెళ్లిపోతుంది. అందువల్ల ధర ఇంతని అందరికీ తెలిసిన మామూలు వస్తువును స్థిరమైన ధర పెట్టి అమ్ముకోవడం మంచిది. ధర తేలని వస్తువు, తరచుగా దొరకని వస్తువు, ఒకరికి మించి ఆసక్తి చూపగల వస్తువు మాత్రమే వేలానికి తగినవి. సొంతంగా చెక్కిన బుల్లి వీణలు, అల్లిన బొమ్మలు వంటి చేతిపనులకు కూడా స్థిరమైన ధరే నప్పుతుంది, ఎందుకంటే ఒకటి అమ్ముడైతే మరొకటి చేయగలరన్న సంగతి కొనేవారికి తెలుసు.

మరొక మాట మొదటే చెప్పుకోవాలి. భావనపాడు తీరంలో చేపల పాట జరిగేటప్పుడు పాడేవారు చేపను కళ్లారా చూసి, మొప్ప ఎత్తి పరీక్షించి పాడతారు. ఆన్‌లైన్ పాటలో కొనేవారికి మీరు చూపిన ఫొటో, రాసిన నాలుగు వాక్యాలు తప్ప మరేమీ ఉండవు. కాబట్టి అమ్మేవారి శ్రమలో ముప్పాతిక భాగం వస్తువు స్థితిని సరిగా చూపడానికి, ఉన్నదున్నట్టు రాయడానికి పోవాలని నా అభిప్రాయం. ఏ వేదిక, ఏ రోజు, ఎంత కమీషన్ అన్నవి ఆ తరువాతి సంగతులు.

ముందుగా విలువ తెలుసుకోవడం

కొత్తవారు చూడవలసింది అడిగిన ధరలను కాదు, అమ్ముడుపోయిన ధరలను. ఎవరైనా పది రూపాయల నాణేనికి పది లక్షలు అడగవచ్చు. అడిగినంత మాత్రాన అది ధర కాదు. ఈబేలో వెతికేటప్పుడు అమ్ముడుపోయిన వస్తువులను మాత్రమే చూపే వడపోత ఉంటుంది. మన దేశంలోని పెద్ద వేలం సంస్థలైన టోడీవాలా, మరుధర్ ఆర్ట్స్, క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ వంటివి కేటలాగులు ప్రచురిస్తాయి. అదే వస్తువు, అదే స్థితిలో ఇటీవల ఎంతకు పోయిందో నాలుగైదు ఉదాహరణలు చూస్తే ఒక అంచనా వస్తుంది. స్థితి వేరైతే ధర ఎన్నో రెట్లు మారుతుందని మరచిపోకూడదు.

ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు, 786తో ముగిసే నోటుకు, 2012లో వచ్చిన వైష్ణోదేవి నాణేనికి లక్షలు వస్తాయని వాట్సాప్‌లో తిరిగే సందేశాలను నమ్మవద్దు. వాటి వెనుక ఉన్నవారు కొనడానికి రారు. రిజిస్ట్రేషన్ రుసుము, పన్ను, కమీషన్ అంటూ మీ దగ్గరే డబ్బు గుంజుతారు. కొందరు రిజర్వు బ్యాంకు పేరును కూడా వాడుకుంటున్నారని, పాత నోట్లు, నాణేల లావాదేవీలలో తమకు ఏ సంబంధమూ లేదని, రుసుములు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

మన ఇళ్లలో తరచుగా కనిపించేవాటి సంగతి చూద్దాం. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీలు చాలా ఎక్కువగా ముద్రితమైనవి. మెరుపు చెదరని నాణేనికి తప్ప చెప్పుకోదగ్గ ధర రాదు. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. 1939 వరకు అందులో వెండి 91.7 శాతం, 1940 నుంచి సగమే. 1939 సంవత్సరపు రూపాయి చాలా అరుదు కాబట్టి దానికి నకిలీలు కూడా ఎక్కువ. బొమ్మ, బొరుసులతో పాటు అంచు కూడా చూసి, నగల త్రాసులో తూచి, అయస్కాంతం పెట్టి చూసిన తరువాతే వర్ణన రాయాలి. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం 1794, 1797లలో బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో కొట్టించిన రాగి నాణేలు, రూపాయికి నలభై ఎనిమిది చొప్పున చెల్లినవి, మన ప్రాంతానికే చెందినవి. వాటికి సేకర్తలలో ఆదరణ ఉంది.

స్టాంపుల విషయంలో కొంత నిరాశ తప్పదు. గత ముప్పై నలభై ఏళ్లలో తపాలా శాఖ వెలువరించిన స్మారక స్టాంపులు లక్షల సంఖ్యలో అచ్చయ్యాయి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల పేరిట 2003లో వచ్చిన స్టాంపు మనకు ఎంత ప్రీతిపాత్రమైనా, విడిగా దానికి పెద్ద ధర పలకదు. అటువంటివాటిని ఒక అంశం కింద, సంగీతం అనో ఆంధ్రప్రదేశ్ అనో, ఇరవై ముప్పై కలిపి ఒకే లాటుగా పెట్టడం మేలు. 1948 ఆగస్టు 15న వెలువడిన గాంధీ స్టాంపుల వరుస, అంటే అణానర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలవి, వీటికి భిన్నం. ముఖ్యంగా పది రూపాయల స్టాంపు ఖరీదైనది కాబట్టి నకిలీలు విరివిగా తిరుగుతున్నాయి. నిపుణుల ధ్రువపత్రం లేకుండా అది అసలుదని రాయకండి.

నిజానికి ఈ ప్రాంతపు ఇళ్లలో అందరూ పట్టించుకోకుండా వదిలేసేవి పాత ఉత్తరాల కవర్లు, పోస్టుకార్డులు. స్టాంపు మామూలుదే అయినా, దాని మీది తపాలా ముద్రలో ఊరి పేరు, తేదీ స్పష్టంగా ఉంటే తపాలా చరిత్ర సేకరించేవారు ఆసక్తి చూపుతారు. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో వేరే జిల్లా అయింది. బ్రిటిష్ కాలపు ముద్రలలో దాని పేరు చికాకోల్ అని ఉంటుంది. కాబట్టి స్టాంపు కోసం కవరు మూల కత్తిరించడం, నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీయడం వంటి పనులు ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. కవరు మొత్తంగా ఉంటేనే దానికి విలువ. లోపలి ఉత్తరంలో కుటుంబ విషయాలు ఉంటే దానిని తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

శుభ్రం చేయవద్దు

ఇంట్లో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి మెరిపించే అలవాటు మనకు ఉండటం వల్ల, అమ్మకానికి పెట్టే నాణెం కూడా మెరవాలని చాలామంది అనుకుంటారు. చింతపండు, నిమ్మరసం, పీతాంబరి పొడి, పళ్లపొడి, వీటిలో ఏది తగిలినా నాణెం మీద కాలక్రమంలో ఏర్పడిన పొర పోయి, సన్నని గీతలు పడతాయి. తెలిసినవారు ఫొటోలోనే దానిని గుర్తుపడతారు. రుద్దిన నాణేనికి రుద్దని మురికి నాణెం కంటే తక్కువే వస్తుంది. ఇప్పటికే రుద్ది ఉంటే ఆ మాట వర్ణనలో రాయండి.

స్టాంపులకు శత్రువు తేమ. సముద్రపు గాలి తగిలే మన జిల్లాలలో వెనుకనున్న గమ్ము మెత్తబడి ఆల్బం కాగితానికి అతుక్కుంటుంది, గోధుమరంగు చుక్కలు పడతాయి. ఆల్బములను పడుకోబెట్టకుండా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. స్టాంపును వేళ్లతో కాక పటకారుతోనే తీయాలి. అమ్మేటప్పుడు ముందువైపుతో పాటు వెనుకవైపు కూడా స్కాన్ చేసి పెట్టాలి. గమ్ము ఉందా, హింజ్ (ఆల్బంలో అంటించే చిన్న గమ్ము కాగితం) గుర్తు ఉందా, పర్ఫొరేషన్ పళ్లలో, అంటే స్టాంపు అంచున ఉండే పళ్లలో, ఏదైనా పొట్టిదా, ఎక్కడైనా పలచబడిందా అన్న ప్రశ్నలకు జవాబులు ఆ వెనుకవైపే ఉంటాయి.

చట్టం ఒప్పుకోనివి

ఈ విషయంలో తెలియక చేశామంటే చెల్లదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు, శిల్పాలు, చిత్రాలు వంటివి పురావస్తువులు. రాతప్రతులకైతే ఆ గడువు డెబ్బై ఐదేళ్లే. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం, వీటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. అంటే విక్టోరియా రూపాయికి విదేశంలో ఎంత ధర ఉన్నా, పైన చెప్పిన ఉత్తర సర్కారుల రాగి నాణేలను అక్కడి సేకర్త ఎంత కోరినా, ఇక్కడి నుంచి పంపకూడదు. తాళపత్రాల మాట చెప్పనక్కరలేదు.

శాలిహుండం, ముఖలింగం, రామతీర్థం వంటి ప్రాచీన స్థలాలున్న మన జిల్లాలకు ప్రత్యేకంగా వర్తించే చట్టం మరొకటి ఉంది. పొలం దున్నుతున్నప్పుడో పునాది తవ్వుతున్నప్పుడో దొరికిన పాత నాణేల వంటివాటి విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. తూర్పు గాంగుల కాలపు చిన్న బంగారు నాణెమొకటి మట్టిలో దొరికిందని ఎవరైనా తెచ్చి అమ్మిపెట్టమంటే ఆ పని ఒప్పుకోకండి.

తీరంలో ఏరిన గవ్వలు, శంఖాలు అమ్మదలచినవారు కూడా ఆగి చూసుకోవాలి. ట్రిటాన్ శంఖం వంటి కొన్ని జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితమైనవి. తాబేటి చిప్పలు, ఏనుగు దంతం వస్తువులు ఎంత పాతవైనా అమ్మకానికి పెట్టరాదు.

ఎక్కడ అమ్మాలి

బాజీ డాట్ కామ్‌ను 2004లో కొని మన దేశంలో అడుగుపెట్టిన ఈబే, తన భారతీయ వేదికను 2017లో ఫ్లిప్‌కార్ట్‌కు అప్పగించగా, ఆ వేదిక 2018లో మూతపడింది. ఇప్పుడు ఇక్కడివారు ఈబేలో అమ్మితే అది విదేశాలకు ఎగుమతి కిందే లెక్క. దానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్) నంబరు కావాలి, డబ్బు పేయోనీర్ అనే చెల్లింపుల సంస్థ ఖాతా ద్వారా వస్తుంది. బెల్జియం కేంద్రంగా నడిచే డెల్‌కాంప్ స్టాంపులు, పోస్టుకార్డులకు ప్రసిద్ధి. తపాలా ద్వారా ఎగుమతి చేసేవారి కోసం తపాలా శాఖ 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను తెరిచింది. అందులో నమోదైతే ఎగుమతి బిల్లును ఆన్‌లైన్‌లోనే నింపవచ్చు. అమెరికా మాత్రం 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది కాబట్టి అక్కడి కొనుగోలుదారుతో సుంకం ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

కొత్తవారికి నా సలహా, మొదటి ఏడాది విదేశాల జోలికి పోవద్దని. దేశంలోపల రెండు దారులున్నాయి. వస్తువు నిజంగా విలువైనదైతే పేరున్న వేలం సంస్థకు ఫొటోలు పంపి, వారి కేటలాగులో పెట్టించడం ఒకటి. వారు కమీషన్ తీసుకుంటారు, డబ్బు రావడానికి నెలలు పడుతుంది, అయినా అసలుదో కాదో వారే తేలుస్తారు. చిన్న వస్తువులకు ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో నడిచే సేకర్తల సమూహాల వేలాలు రెండవ దారి. ఇక్కడ కమీషన్ తక్కువ లేదా అసలు ఉండదు, కానీ నియమాలు సమూహానికొక రకంగా ఉంటాయి. బిడ్ (పాటలో చెప్పే ధర) ఎంత చొప్పున పెరగాలి, ముగింపు సమయం ఏ గడియారం ప్రకారం, చివరి నిమిషంలో బిడ్ వస్తే గడువు పెరుగుతుందా, బిడ్‌గా రాసి తరువాత సవరించిన వ్యాఖ్య చెల్లుతుందా అన్నవి చదివిన తరువాతే దిగాలి. అమ్మడానికి ముందు ఆ సమూహంలోనే నాలుగు చిన్న వస్తువులు కొని, వెంటనే డబ్బు కట్టండి. పేరు తెలిసినవారి లాటుకే పాట పెరుగుతుంది.

ఫొటో, శీర్షిక, వర్ణన

ఉదయం తొమ్మిది, పది గంటలకు అరుగు మీద నీడపట్టున వచ్చే వెలుతురు చాలు, ఫ్లాష్ వాడవద్దు. నాణేన్ని ఎదురుగా ఒకటి, కాస్త ఒరిగించి ఒకటి, అంచు ఒకటి చొప్పున తీయండి. స్టాంపులు, కవర్లకు ఫొటో కంటే స్కానరు మేలు. ఫొటోలో రంగు పెంచే, మచ్చలు చెరిపే యాప్‌లను తాకవద్దు. లోపం ఉన్న చోటును విడిగా, దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టండి. లోపం చూపితే ధర తగ్గుతుందని కొత్తవారు భయపడతారు గాని, లోపం కనపడితే కొనేవారు దానిని లెక్కలోకి తీసుకుని పాడతారు. కనపడకపోతే ఏదో దాచారని అనుమానించి పాడటమే మానేస్తారు.

శీర్షిక ఇంగ్లీషులో ఉండటం తప్పదు, కొనేవారు వెతికేది ఆ భాషలోనే. దేశం, సంవత్సరం, విలువ, స్థితి అన్న వరుస చాలు. అద్భుతం, అరుదు, లక్షల విలువ వంటి మాటలు వెతుకులాటకు పనికిరావు. ఊరి పేరున్న కవరైతే పాత అక్షరక్రమం, కొత్త అక్షరక్రమం రెండూ పెట్టండి. విజయనగరం అని వెతికేవారిని హంపీ విజయనగర నాణేలు ముంచెత్తుతాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్ అన్న మాట కూడా చేర్చండి. స్వతంత్ర భారత నాణేలకు టంకశాల గుర్తు రాయడం మరవకండి: సంవత్సరం కింద వజ్రం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది నాణేలలో ఒక టంకశాలది మామూలుది, మరొకదానిది అరుదైనది అయ్యే సందర్భాలున్నాయి.

స్థితిని ఒక మెట్టు తగ్గించి రాయడం నా పద్ధతి. నాణేల స్థితిని చెప్పే మెట్లలో వెరీ ఫైన్ అనిపిస్తే, దానికి కింది మెట్టయిన ఫైన్ అని రాస్తాను. వస్తువు చేతికందాక కొన్నవారికి అనుకున్నదానికంటే మెరుగ్గా కనపడితే వారు మళ్లీ వస్తారు.

ప్రారంభ ధర, ముగింపు వేళ

పెద్ద వేదికలలో బిడ్ వేసేవారు తాము ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని రహస్యంగా నమోదు చేస్తారు. వ్యవస్థ రెండవవారి మొత్తానికి ఒక మెట్టు పైన ధరను నిలుపుతుంది. ప్రారంభ ధర 100 రూపాయలు, మెట్టు 10 రూపాయలు అనుకుంటే, ఒకరు 600, మరొకరు 420 నమోదు చేసినప్పుడు వస్తువు 430కి పోతుంది. అందువల్ల మీకు వచ్చే ధరను తేల్చేది రెండవ వ్యక్తి. ఆసక్తి గలవారు చాలామంది ఉన్న వస్తువుకు తక్కువ ప్రారంభ ధర పెడితే ఎక్కువమంది చేరతారు. ఒకరిద్దరే కొనగల అపురూపమైన వస్తువుకు, ఏ ధరకు తక్కువైతే అమ్మడం ఇష్టం లేదో ఆ ధరతోనే మొదలుపెట్టాలి. రిజర్వు ధరను, అంటే అంతకు తక్కువైతే అమ్మని ధరను, దాచిపెట్టే సౌకర్యం ఉన్నా, అది చూసి వెనక్కి తగ్గేవారు ఉంటారు. బావమరిది చేతో స్నేహితుడి చేతో దొంగ పాట పాడించి ధర పెంచడం మోసమే. వేదికలు దానిని నిషేధించాయి, సేకర్తల లోకం చిన్నది కాబట్టి బయటపడటానికి ఎంతో కాలం పట్టదు.

ఆదివారం రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య ముగిసేలా పెట్టుకోవడం మంచిది. చివరి నిమిషాల్లో ప్రశ్నలు వస్తాయి గనుక ఆ సమయంలో మీరు ఫోను దగ్గర ఉండాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం నాడు విజయనగరంలో ఉన్నవారు వేలం ముగింపు పెట్టుకుంటే ఎటూ న్యాయం జరగదు.

డబ్బు, పంపిణీ

యూపీఐతో డబ్బు తీసుకునేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. సైన్యంలో పనిచేస్తున్నామని చెప్పి, బేరమాడకుండా అడిగినంత ఇస్తామని, ముందుగా ఒక కోడ్ పంపేవారు మోసగాళ్లే. చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను నమ్మక, బ్యాంకు ఖాతాలో జమ చూసుకున్న తరువాతే వస్తువు పంపాలి. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ దానిని ఆపడం కష్టమవుతుంది.

స్టాంపులను గ్లాసీన్ (పలుచని, నున్నని కాగితం) కవరులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య ఉంచి, పైన నీరు చొరని ప్లాస్టిక్ కవరు వేసి పంపాలి. నాణెం కవరులో కదలకూడదు. చప్పుడు వస్తే లోపల ఏముందో దారిలో అందరికీ తెలుస్తుంది. నాణేలు, కరెన్సీ నోట్లు వంటివాటికి తపాలా శాఖలో ఇన్సూరెన్సు నిబంధనలు ఉన్నాయి కాబట్టి హెడ్ పోస్టాఫీసు కౌంటరులో అడిగి, విలువ ప్రకటించి పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయినందున పాత ధరలు చూసి పంపిణీ ఖర్చు లెక్క వేయవద్దు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటివి వస్తే రోజుల తరబడి రాకపోకలు ఉండవు. ఆ నెలలలో పంపే గడువును పెంచి రాయడం మంచిది.

పన్నుల సంగతి క్లుప్తంగా. ఈ-కామర్స్ వేదికల ద్వారా వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మడానికి సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. రాష్ట్రంలోపలే అమ్మే చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుంచి షరతులతో సడలింపు ఉంది. అలాంటి వేదికలు అమ్మకం మొత్తంపై 0.1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాయి. పాన్ ఇచ్చిన వ్యక్తుల అమ్మకాలు ఏడాదికి ఐదు లక్షలు దాటకపోతే పట్టుకోవు. సొంత సేకరణను అప్పుడప్పుడు అమ్మడానికీ, కొని అమ్మడాన్ని వ్యాపారంగా నడపడానికీ లెక్కలు వేరు కాబట్టి, రెండవదానికి దిగేముందు అకౌంటెంటును కలవండి. ఏ వస్తువు ఎప్పుడు ఎంతకు కొన్నారో, ఎంతకు అమ్మారో ఒక పుస్తకంలో రాసుకోవడం మొదటి లాటు నుంచే అలవాటు చేసుకోవాలి.

పాట పడని లాటును మరునాడే మళ్లీ పెట్టవద్దు. చూసినవారే మళ్లీ చూస్తారు. నెలన్నర ఆగి, ఫొటోలు మార్చి, ప్రారంభ ధర పావు వంతు తగ్గించి పెట్టండి. రెండోసారి కూడా పోకపోతే మరికొన్నిటితో కలిపి లాటు కట్టండి. వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదని ఎవరైనా తిరిగి పంపితే, వచ్చిన వస్తువు మీరు పంపినదేనని పాత ఫొటోలతో పోల్చి చూసి, వాదనకు దిగకుండా డబ్బు వాపసు ఇచ్చి, వర్ణనలో వారు ఎత్తిచూపిన లోపాన్ని చేర్చిన తరువాతే దానిని మళ్లీ వేలానికి పెట్టండి.